అతుకుల బొంత: బెక్ గానముపై విమర్శకుల తీర్పు, శ్రోతల తీర్పు

ఒక వస్తువు గుణదోషములను నిర్ణయించుటకు ముందు దానిని దేనితో కొలుచుచున్నామో తెలిసికొనుట విమర్శకునకు మొదటి ధర్మము. బట్టను మానికతోను, బియ్యమును గజముబద్దతోను కొలుచువాడు ఎంత నిష్పక్షపాతియైనను వాని లెక్క యెవరికిని పనికిరాదు. సంగీత విషయమున నీ పొరపాటు తఱచుగా జరుగుచున్నది. జరిగిన పిదప కొలత తప్పెనని యెవరును అనుకొనరు, వస్తువే చెడ్డదందురు. అమెరికా దేశపు గాయకుడు బెక్ హాన్సెన్ 1996లో వెలువరించిన "ఓడెలే" అను ఆల్బముపైనను, దానికి ముందు వెనుకల అతడు చేసిన గానముపైనను పుట్టిన అభిప్రాయములను వరుసగా చూచినచో ఈ మాట స్పష్టపడును. ఆ అభిప్రాయములలో పొగడ్తకు కొదువ లేదు, తెగడ్తకును కొదువ లేదు. కాని పొగడినవారును తెగడినవారును పెక్కుమారులొకే తప్పుడు కొలతను పట్టుకొనియుండిరని నా యభిప్రాయము.

బెక్ 1970లో లాస్ ఏంజిలిస్ నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ క్యాంబెల్ పాటలకు తంత్రీవాద్య మేళములను కూర్చుటలో పేరుగన్నవాడు. తల్లి తండ్రియగు ఆల్ హాన్సెన్ "ఫ్లక్సస్" అను కళాకారుల కూటమికి చెందినవాడు. కాల్చి పాఱవేసిన సిగరెట్టు ముక్కలను, చాకొలెట్ల పైకాగితములను అతికి బొమ్మలు చేసినవాడు. మనుమడు బడిచదువును మధ్యలోనే విడిచెను. మిసిసిపి జాన్ హర్ట్ అను నల్లజాతి గాయకుని రికార్డు విని, గిటారు తీగలను వ్రేళ్లతో మీటు పాతకాలపు బ్లూస్ పద్ధతిని సొంతముగా నేర్చుకొనెను. చిన్న చిన్న కూలిపనులు చేయుచు కాఫీ హోటళ్లలో పాడుచుండెను. ఆ దినములలోనే, కార్ల్ స్టీఫెన్‌సన్ అనువాని యింట కొన్ని గంటలలో "లూజర్" అను పాటను ముద్రించెను. అది 1993లో ఒక చిన్న సంస్థ ద్వారా కొలది ప్రతులుగా వెలువడి, రేడియోల మూలమున ప్రాకి, 1994లో అమెరికా పాటల పట్టికలో పదియవ స్థానమునకు చేరెను.

ఈ పాటతోనే మొదటి తప్పుడు కొలత బయలుదేరినది. తానొక పనికిమాలినవాడనని గాయకుడు పల్లవిలో తన్ను తాను ఎగతాళి చేసికొనెను. ర్యాప్ పాడబోయి, ముద్రణమును మరల విని, తనకంటె చెడ్డ ర్యాపు గాయకుడుండడని నవ్వుకొనగా పుట్టిన పల్లవి యది. కాని పత్రికలవారు దానిని ఒక తరము యొక్క ప్రకటనగా తీసికొని, పని చేయనొల్లని సోమరి యువకుల గీతమని పేరు పెట్టిరి. శ్రోతలలో అనేకులా పేరునే నమ్మిరి. గంటకు నాలుగు డాలర్ల కూలికి బ్రదుకీడ్చుచున్న తనకు సోమరితనమునకు తీరిక యెక్కడిదని బెక్ వాపోయినను వినువారు లేకపోయిరి. పాటలోని మాటను పాడువాని జీవితచరిత్రగా చదువుట పసివారి పని. మన యక్షగానములో రావణ వేషము వేసినవానిని పరదారాపహారియని పట్టుకొని దండింపము గదా! ఒక్క పాటతో వచ్చి ఒక్క పాటతో పోవువాడని యతనిని గూర్చి యపుడు అనేకులు తలంచిరి.

ఇక "ఓడెలే" సంగతి. 1995లో తాత ఆల్ హాన్సెన్ మరణించెను. బెక్ ఆ రోజులలో రాబ్ ష్నాఫ్, టామ్ రాత్‌రాక్ అను నిర్మాతలతో కలిసి గిటారుతో కూడిన విషాదగీతముల ఆల్బమును మొదలుపెట్టి, దానిని చాలవఱకు ప్రక్కకు నెట్టెను. తరువాత డస్ట్ బ్రదర్స్ అను పేర పనిచేయుచున్న జాన్ కింగ్, మైక్ సింప్సన్‌లతో చేరెను. బీస్టీ బాయిస్ బృందమువారి "పాల్స్ బుటీక్" (1989) అను ఆల్బమును పాత రికార్డుల తునుకలతో కూర్చినవారు వీరే. తునుక తీసికొనుట యనగా నిది: ఏదో యొక పాత రికార్డులోని రెండు మూడు క్షణముల ధ్వనిని యంత్రములో పట్టి, దానిని చక్రమువలె మరల మరల తిప్పి, ఆ తిరుగుడుపై క్రొత్త పాటను నిలుపుట. దీనిని శాంపిలు అందురు. చెప్పినంత సులభము కాదు. తునుక వేగమును తగ్గించినచో దాని శ్రుతియు దిగజారును. శ్రుతి కలిపినచో తాళము తప్పును. రెండు తునుకలను ఒకదానిపై నొకటి నిలుపవలెనన్న శ్రుతియు లయయు రెండును ఒప్పవలెను. చెవి చక్కగా నున్నవానికిగాని యిది కుదురదు.

ఈ ఆల్బమునందు జానపద గిటారు, కంట్రీ గానము, హిప్-హాప్ తాళము, శాక్సఫోను, పాత సోల్ సంగీతము, చెవులు పగులగొట్టు విద్యుద్ధ్వని ఒకే గృహమున కాపురముండును. "ది న్యూ పొల్యూషన్" అను పాటలో జో థామస్ అను వాద్యకారుని రికార్డు నుండి తీసిన శాక్సఫోను పలుకు గలదు. "జాక్-యాస్" అను పాట, బెల్‌ఫాస్ట్ నగరపు "దెమ్" అను బృందమువారు పాడిన బాబ్ డిలన్ గీతములోని ఒక తునుకపై నిలిచినది. "హై ఫైవ్" అను పాటలో శుబర్ట్ 1822లో మొదలిడి ముగింపక విడిచిన సింఫనీ తునుక తటాలున వచ్చును.

విమర్శకులు దీనిని తలకెత్తుకొనిరి. "విలేజ్ వాయిస్" పత్రిక విమర్శకులందఱ ఓట్లతో ఏటేట ప్రకటించుచుండిన పట్టికలో 1996వ సంవత్సరమునకు ఇదియే మొదటిది. ఇంగ్లండు దేశపు "ఎన్.ఎం.ఇ." పత్రికయు దీనినే ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బముగా నెన్నుకొనెను. 1997లో దీనికి రెండు గ్రామీ బహుమానములు లభించెను. సామాన్య శ్రోతలును వెనుదీయలేదు. అమెరికాలోనే ఇరువది లక్షల ప్రతులకు పైగా చెల్లిపోయినది. ఇంత మర్యాద జరుగుచుండగనే వేఱొక మాటయు వినవచ్చుచుండెను: "ఇది తెలివిగల పని, కాని హృదయము లేదు. అన్నియు పరుల సొమ్ములే. ఇతడు నవ్వుచున్నాడా, నిజముగా పాడుచున్నాడా తెలియదు." పొగడిన విమర్శకులును పెక్కుమంది పొగడినది నేర్పునే. ఎన్ని జాతుల సంగీతమును ఎంత విచిత్రముగా కలిపెనో లెక్కించి చూపిరే కాని, ఆ కలయిక యేమి చేయుచున్నదో చెప్పినవారు తక్కువ. తెలుగున జెప్పవలెనన్న, ఉభయులును దీనిని అతుకుల బొంత యనిరి. ఒకరు ముచ్చటపడి యనిరి, ఒకరు ముక్కు విఱిచి యనిరి.

అతుకుల బొంత యన్నది మన భాషలో నింద. అది నింద యెట్లయ్యెనో తెలియదు. బొంత కుట్టు ముసలమ్మను అడిగి చూడుడు. నలిగి మెత్తబడిన చీరలను, చినిగిన పంచెలను ఏఱి, ఏది లోపలికి పోవలెను, ఏది పైకి రావలెను, ఏ అంచు ఏ అంచు ప్రక్క నిలువవలెను అని చూచి కుట్టును. క్రొత్త బట్టతో కుట్టిన బొంతకు ఆ మెత్తదన మెక్కడిది? బొంతకు పరీక్ష దాని గుడ్డలు ఏ యింటివి యనుట కాదు. చలి ఆపునా, కుట్టు నిలుచునా యనునవి రెండే పరీక్షలు. ఈ రెండు పరీక్షలనే మన గాయకునికిని పెట్టుదము.

"జాక్-యాస్" పాటను వినుడు. అందలి తునుక మూలములో ఒక వీడ్కోలు పాటలోనిది. గంటలవలె మ్రోగు ఆ చిన్న పలుకు క్రొత్త పాటలో ఎడతెగక తిరుగుచుండును. మూలములో పాట ముందుకు సాగి ముగియును. ఇక్కడ ముగింపు లేదు, అదే చోట తిరుగుట. పైన బెక్ గొంతు అలసినదై, తొందర లేనిదై, తన యవస్థను తాను నెమ్మదిగా చూచుకొనుచున్నట్లుండును. బయలుదేఱవలసినవాడు బయలుదేఱలేక కూర్చున్న భావము ఆ తిరుగుడు వలననే కలుగుచున్నది. ఆ తునుకను తీసివేసి గిటారు పెట్టినచో ఈ భావము పోవును. కావున నిక్కడ అరువు తెచ్చిన గుడ్డయే చలి నాపుచున్నది. హృదయము లేదన్నవారు ఈ పాటను మరల వినవలెను. ఆల్బము చివర "రామ్‌షాకిల్" అను నొక గీతమున్నది. ప్రక్కకు నెట్టిన ఆ విషాదగీతములలో నిలిచినది అదియొక్కటే. ఇంత కోలాహలము జరిగిన పిమ్మట అది వచ్చి కూర్చుండగా, అంతవఱకు విన్న నవ్వుల క్రింద ఏమున్నదో కొంత తెలియును.

"హై ఫైవ్" సంగతి వేఱు. అందు శుబర్ట్ తునుక రాగానే దాని నాపి వేఱొక రికార్డు పెట్టుమని యొకడు కేకవేయును. ఉన్నత సంగీతమేది, వీధి సంగీతమేది యను తగవును పాటలోనే నాటకముగా నాడించినాడు. హాస్యము బాగున్నది, కాని రెండవమారు వినునప్పటికి హాస్యము తఱుగును, క్రింద మిగులునది తక్కువ. ఇక్కడ కుట్టు కనబడుచున్నది గాని బొంత కనబడుట లేదు. ఆల్బములో మాటల కూర్పున గూడ నీ లోపము కొన్ని చోట్ల గలదు. ఒక చిత్రము వెనుక నొక చిత్రము వచ్చి పడుచుండును. మొదటి దానిని మనసున పట్టుకొనులోపుననే నాలుగవది త్రోసివేయును. ధ్వని కొఱకు మాటను వాడుట గానమున ధర్మమే. కాని ధ్వని కొఱకే వాడిన మాట గీతము పొడుగున బరువు మోయలేదు. దోషమును ఇట్లు చోటు చూపి చెప్పవలెను. కలిపెను గాన చెడ్డదనుట విమర్శనము కాదు. కలిపెను గాన గొప్పదనుటయు కాదు.

ఇక పరుల సొమ్ము అను ఆక్షేపణము. దీనిని తేలికగా త్రోసివేయరాదు. 1991లో బిజ్ మార్కీ అను ర్యాపు గాయకుడు అనుమతి లేక యొక పాత పాట తునుకను వాడినందుకు న్యూయార్కు న్యాయస్థానము అతనికి ప్రతికూలముగా తీర్పు చెప్పెను. దొంగిలరాదను బైబిలు ఆజ్ఞతోనే ఆ తీర్పు మొదలయ్యెను. అప్పటినుండి తునుకకు మూలపురుషుని అనుమతి పొంది, వెల చెల్లించి, పేరు వేయుట ఆచారమైనది. "ఓడెలే" ఆ తీర్పునకు తరువాతిది. దాని పాటల క్రింద మూలకర్తల పేర్లు గలవు. చట్టము వఱకు బాకీ తీరినది. కాని చట్టము చూడని బాకీయు నొకటున్నది. బ్లూస్, సోల్, హిప్-హాప్ మూడును నల్లజాతివారి కష్టము నుండి పుట్టిన కళలు. 1920లలో బ్లూస్ పాడినవారిలో చాలమందికి ఒకమారు చేతిలో పెట్టిన కొలది రొక్కము తప్ప వేఱేమియు దక్కలేదు. మిసిసిపి జాన్ హర్ట్ 1928లో రికార్డుల కొఱకు పాడి, తిరిగి పల్లెటూరి కూలిపనికి పోయి, 1963లో మరల కనుగొనబడువఱకు మఱుగున పడియుండెను. ఆ కళతో పైకి వచ్చిన తెల్లజాతి గాయకుడు నవ్వులకై దానిని వాడుచున్నాడా, గౌరవముతో వాడుచున్నాడా యని శ్రోతలడుగుట న్యాయమే.

ఈ ప్రశ్న 1999లో "మిడ్‌నైట్ వల్చర్స్" అను ఆల్బము వచ్చినపుడు తీవ్రమయ్యెను. అందు "డెబ్రా" అను పాటలో బెక్ సోల్ గాయకులవలె గొంతును మిక్కిలి పైస్థాయికి ఎత్తి ప్రణయగీతమును పాడెను. పాటలోని ప్రియుడు మాత్రము నవ్వు పుట్టించువాడు. ఇది పూజయా, వేళాకోళమా? రెండు పక్షములవారును వాదించిరి. నా చెవికి ఆ స్వరమునందు శ్రద్ధ వినబడుచున్నది. కాని ప్రియుని వేషమునందు వెక్కిరింత లేదనలేను. నవ్వు ఎవరిమీద పడుచున్నదో తెలియనీయకుండుట గాయకుని బాధ్యతలో లోపము. బడుగువారి కళను అరువు తెచ్చుకొన్నవాడు ఆ లోపమును ఇంకను గట్టిగా కాచుకొనవలసియుండెను.

2002లో "సీ చేంజ్" వచ్చెను. చిరకాలపు ప్రేమ తెగిపోయిన దుఃఖమున వ్రాసిన గీతములు. గిటారు, నెమ్మదియైన గొంతు, తండ్రి కూర్చిన తంత్రీవాద్యములు. తునుకలును లేవు, వేషములును లేవు. "రోలింగ్ స్టోన్" పత్రిక దీనికి అయిదు నక్షత్రముల నిచ్చెను. ఇప్పటికి ఇతడు నిజముగా పాడెనని విమర్శకులలోను శ్రోతలలోను పెక్కుమంది సంతోషించిరి. ఆల్బము మంచిది, అందు వివాదము లేదు. కాని ఆ సంతోషములో రెండవ తప్పుడు కొలత దాగియున్నది. దుఃఖము నిజము, నవ్వు నటన. ఒక్క గిటారు నిజము, పది వాద్యములు కృతకము అను నమ్మకమది. గిటారుతో ఒంటరిగా పాడుటయు ఒక సంప్రదాయమే. ఆ నిట్టూర్పులు, ఆ విరామములు పూర్వగాయకుల నుండి నేర్చినవే. తండ్రి కూర్చిన వాద్యములు ఎన్నో శృతుల లెక్కతో, ఎంతో శిల్పముతో కట్టినవి. ఒకచోట అతుకు కనబడును, ఒకచోట కనబడదు. కనబడని అతుకును హృదయమనియు, కనబడు అతుకును మాయ యనియు పిలుచుట మన కంటి యలవాటే కాని కళాతత్త్వము కాదు.

ఇట్టి తగవు అమెరికాకు మాత్రమే చెందినది కాదు. బెక్ 1998లో వెలువరించిన "మ్యుటేషన్స్" అను ఆల్బమున "ట్రాపికాలియా" అను పాట గలదు. ఆ పేరు బ్రెజిల్ దేశమున 1967-68లలో పుట్టిన సంగీతోద్యమముది. (ఆ ఆల్బమునందే వేఱొక పాటలో మన సితారు, తంబురల నాదమును విందుము.) 1967 జూలైలో సావో పౌలో నగరమున విద్యుద్గిటారు విదేశీ వస్తువని, జాతీయ సంగీతమును చెఱచుచున్నదని గాయకులే ఊరేగింపు జరిపిరి. ఆ ఊరేగింపులో నడచినవారిలో గిల్‌బెర్టో గిల్ ఒకడు. అదే సంవత్సరము అక్టోబరులో ఆ గిల్ మహాశయుడే "ఓస్ మ్యుటాంటెస్" అను యువబృందమువారి విద్యుద్గిటార్లతో కలిసి పోటీవేదికపై పాడెను. నేడు బ్రెజిల్ వారు ఆ కలయికను తమ జాతి సంపదగా చెప్పుకొనుచున్నారు. శుద్ధమని మనము కాపాడునది చాలవఱకు పాతబడిన కలయికయే యని దీనివలన తెలియును.

మూడవ తప్పుడు కొలత 2015లో బయటపడినది. ఆ యేడు ఫిబ్రవరి 8వ తేదీన బెక్ యొక్క "మార్నింగ్ ఫేజ్" (2014) అను ఆల్బమునకు ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమను గ్రామీ బహుమానము వచ్చెను. దానితో పోటీపడినవానిలో బియాన్సే తన పేరనే 2013 డిసెంబరులో వెలువరించిన ఆల్బమొకటి. బహుమానము ప్రకటింపగానే కాన్యే వెస్ట్ అను గాయకుడు వేదిక యెక్కబోయి వెనుకకు మరలెను. పిమ్మట, బెక్ ఆ బహుమానమును బియాన్సేకు ఇచ్చివేయవలసినదని పలికెను. కొలది దినములకే బెక్‌ను బహిరంగముగా క్షమాపణ కోరెను. బియాన్సేయే గెలుచునని తానును తలచితినని బెక్ వినయముగా చెప్పెను. గాయకుల మధ్య తగవు అంతటితో తీఱెను. శ్రోతల మధ్య తీఱలేదు. ఈ బెక్ యెవరని ఒక పక్షమువారు అడిగిరి. రెండవ పక్షమువారు లెక్కలు తీసిరి: ఇతడు ఎన్నో వాద్యములు తానే వాయించును, పాటలు తానే వ్రాయును, ఆమె ఆల్బమునకు ఎందఱో రచయితలు, ఎందఱో నిర్మాతలు, కావున ఇతడే కళాకారుడు. ఈ లెక్క దేశదేశములు తిరిగినది.

బెక్‌ను అభిమానించువారు చేసిన వాదమిది. కాని యీ కొలతతో "ఓడెలే"ను కొలిచిన నేమగును? అందు పెక్కు పాటల క్రింద డస్ట్ బ్రదర్స్ పేరో, తునుకల మూలకర్తల పేర్లో వరుసగా నిలిచియున్నవి. ఒంటిచేతి పనియే కళ యన్నచో బెక్ చేసిన ఉత్తమకృతి మొట్టమొదట కొట్టుపడిపోవును. పరుల సొమ్మని 1996లో నిందించినవారి కొలతయే ఇది; పందొమ్మిది యేండ్లకు అదే కొలత అతని రక్షణకు వచ్చినది! తన అభిమానపాత్రుని గెలిపించుటకై అతని శ్రేష్ఠకృతికే ఉరి పేనిన అభిమానమును ఏమనవలెను? నా యెఱిగినంతలో "మార్నింగ్ ఫేజ్" శ్రావ్యమైన కృతి, కాని "సీ చేంజ్" నడచిన బాటనే మరల నడచినది. బియాన్సే ఆల్బము అనేకుల చేతులను ఒక్క సంకల్పమునకు లోబఱచిన కృతి. ఏది మేలో వాదింపవచ్చును. ఆ వాదము పేర్ల లెక్కతో తేలదు, పాట వినుటతో తేలును.

కావున చదువరులకు నా విన్నపమిది. క్రొత్త సంగీతము చెవిని పడినపుడు మూడు ప్రశ్నలను వెనుకకు నెట్టవలెను: పాడువాడు నిజముగా అట్టివాడేనా? ఇది యే జాతి సంగీతము? ఎందఱు చేసిరి? వీనికి వచ్చు సమాధానములు కుతూహలమును తీర్చునే గాని గుణమును చెప్పవు. ముందుకు తేవలసినవి వేఱు. చేర్చిన ముక్కలు ఒకదాని వలన నొకటి క్రొత్త యర్థమును పొందినవా? తీసివేసిన కొఱత తెలియునా? ఎవరి నుండి తీసికొనెనో వారికి పేరును, వెలయును, మర్యాదయు దక్కినవా? ఈ ప్రశ్నలకు "ఓడెలే" కొన్ని పాటలలో నిండుగాను, కొన్నింట అరకొఱగాను బదులు చెప్పుచున్నది. అదియే దానికి తగిన తీర్పు. సంకరము అను ఒక్క మాటతో మనుష్యులను వెలివేసిన దురాచారమును సంఘమునుండి తొలగించుటకు పూనుకొన్న మనము, అదే మాటను కళల వాకిట కావలి పెట్టుకొనుట తగదు.